కాదన్నవాళ్ళ మాట: ఉద్దానం పేటల్లో క్రైస్తవం, కులం, కాగితం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన దళిత మిత్రులు యూనివర్సిటీ హాస్టల్లో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా ఊళ్ళలో పల్లె అంటేనే చర్చి. మీ శ్రీకాకుళం వైపు మనవాళ్ళు క్రైస్తవాన్ని ఎందుకు కాదన్నారు?" ఈ ప్రశ్న వెనక ఎగతాళి లేదు. తెలుసుకోవాలనే ఉంది. కానీ దీనికి మన దగ్గర రెడీగా ఉన్న జవాబులు మూడూ నన్ను ఇబ్బంది పెడుతూ వచ్చాయి.

హిందూ సంస్థల జవాబు: "వాళ్ళు ధర్మాన్ని విడిచిపెట్టలేదు, విదేశీ మతానికి లొంగలేదు." ఈ మెప్పుదలలో మనకి దక్కేది ఏమీ లేదు. ఊరి గుడి గడప దాటనివ్వనివాళ్ళే, మనం ఆ గుడికి కాపలా కాసామని పొగుడుతున్నారు. చర్చి వైపువాళ్ళ జవాబు: "అక్కడి నేల గట్టిది, విత్తనం పడలేదు." అంటే తప్పు నేలదే, విత్తినవాడిది కాదు. ఇక వామపక్షం జవాబు: "అది పోరాటాల గడ్డ, వర్గచైతన్యం వచ్చాక మతంతో పనేముంది?" నిజంగా పోరాటాల గడ్డే. 1940లో మందస జమీందారీ రైతుల ఉద్యమంలో వీరగున్నమ్మ పోలీసు కాల్పుల్లో చనిపోయింది ఇక్కడే. 1968లో గరుడభద్ర పంట కోతలు జరిగింది ఇక్కడే. కానీ ఆ చైతన్యం వచ్చిన ఊళ్ళలో కూడా గ్రామదేవత సంబరానికి డప్పు కొట్టడానికి పేటకే కబురు వచ్చేది. మతం ఎక్కడికీ పోలేదు.

ఈ మూడు జవాబుల్లోనూ ఉన్న లోపం ఒకటే. కాదన్న మనిషిని ఎవరూ అడగలేదు. కాదనడంలో ఆ మనిషికి ఒక ఆలోచన ఉండి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇది: కాదనడం ఒక్క రకం కాదు. గడప దగ్గరే కాదన్నవాళ్ళున్నారు. లోపలికి వెళ్ళి బయటికి వచ్చినవాళ్ళున్నారు. లోపలే ఉండి కాగితం మీద మాత్రం కాదన్నవాళ్ళున్నారు. ఈ మూడింటికీ మూడు వేరు వేరు కారణాలున్నాయి. మూడింటినీ ఒక్క గంపలో వేసి "తిరస్కారం" అని పేరు పెడితే లాభపడేది దళితులు కాదు. ఈ మూడు రకాలూ మా ఒక్క కుటుంబంలోనే ఉన్నాయి కాబట్టి పుస్తకాలతో పాటు మా ఇంటి మాటలు కూడా సాక్ష్యంగా పెడుతున్నాను.

సాహిత్యం ఏం చూసింది, ఏం వదిలేసింది

మన సాహిత్యంలో ఈ ప్రశ్నకి దగ్గరగా వచ్చిన రచనలు రెండు తీసుకుందాం. ఒకటి కాళీపట్నం రామారావు 1964లో రాసిన 'యజ్ఞం'. రెండోది జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం' (2000).

'యజ్ఞం' మన జిల్లా కథ. అప్పల్రాముడి అప్పు, దాని మీద పంచాయితీ, చివర సీతారాముడు తన బిడ్డనే నరికి తేవడం తెలిసిందే. ఆ కథలో దళితుడి మీద పనిచేసే మతం పూజల రూపంలో కనిపించదు. ధర్మం అనే మాట రూపంలో కనిపిస్తుంది. తీసుకున్నది తీర్చడం ధర్మం, పెద్దల మాట వినడం ధర్మం. ఆ ధర్మానికి దళితుడు ఒప్పుకుంటేనే ఊళ్ళో బతుకుతాడు. ఇది చాలా లోతైన పరిశీలన. కానీ అప్పల్రాముడి ఇంటికి వేరే దేవుడి కబురు ఎప్పుడైనా వచ్చిందా, వస్తే ఆ ఇల్లు ఏమంది అనేది ఆ కథకి అవసరం లేని ప్రశ్న. దాన్ని తప్పు పట్టడం లేదు. ఆ ప్రశ్న అక్కడ లేదని మాత్రమే గుర్తు చేస్తున్నాను.

'అంటరాని వసంతం' దక్షిణ కోస్తా కథ. ఎన్నెలదిన్నె నుంచి మొదలై తరాల వెంట రూతు జ్ఞాపకాలుగా నడుస్తుంది. కరువు రోజుల్లో, బకింగ్‌హామ్ కాలువ తవ్వే కాలంలో, ఆకలికి తరిమివేయబడ్డ శివయ్య క్రైస్తవంలోకి వెళ్ళి సీమోను అవుతాడు. దళితుడు మతం ఎందుకు మారాడో తెలుగులో ఇంత గౌరవంగా చెప్పిన నవల ఇంకొకటి నాకు తెలియదు. బియ్యం కోసం మారాడు అనే నింద నోరు మూయించిన నవల అది. మతంలోకి వెళ్ళాక కూడా మాల మాదిగ తేడాలు పోలేదనీ, భూమి ప్రశ్న అలాగే ఉండిపోయిందనీ కూడా అది దాచలేదు. తర్వాతి తరం విప్లవోద్యమంలోకి వెళ్తుంది. శ్రీకాకుళం ఆ నవలలోకి వచ్చేది ఆ దారినే.

నా విమర్శ ఇక్కడ. ఆ నవల నడకలో క్రైస్తవం ఒక మజిలీ. కళ నుంచి విశ్వాసానికి, విశ్వాసం నుంచి పోరాటానికి దారి. ఆ దారిలో శ్రీకాకుళం అంటే వచ్చి చేరవలసిన పోరాట స్థలం. ఆ స్థలంలో అప్పటికే బతుకుతున్న మాల, రెల్లి, పైడి, దండాసి పేటలు ఉన్నాయి. క్రైస్తవం గడప దగ్గరికి వస్తే వద్దన్న ముసలమ్మలు ఉన్నారు. వాళ్ళు ఆ మజిలీల లెక్కలో ఎక్కడా పట్టరు. మారినవాడికి కథ ఉంది. మారనివాడికి కూడా ఒక కథ ఉంటుందని మనం ఇంకా ఒప్పుకోవడం లేదు.

గడప దగ్గర కాదన్నది

దక్షిణాన ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఆ వెనక కరువు ఉంది. కాలువ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకి కూలి ఇచ్చిన క్లౌ దొర ఉన్నాడు. అంతకంటే ముఖ్యంగా, దొర కంటే ముందే ఊరూరా తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ మనిషి ఉన్నాడు. తోలు వ్యాపారం మీద తిరిగే చుట్టరికాల దారిలో ఆ కబురు నడిచింది.

మన వైపు క్రైస్తవం ఆలస్యంగా ఏమీ రాలేదు. లండన్ మిషన్ వాళ్ళు విశాఖపట్నంలో దిగింది 1805లో. తెలుగు నేల మీద ప్రొటెస్టెంటు మిషన్లకి అదే మొదలు. తర్వాత కెనడా బాప్టిస్టులు శ్రీకాకుళం, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేటల్లో స్టేషన్లు పెట్టారు. కబురు అందలేదు అనడానికి వీల్లేదు. అందిన తర్వాతే కాదన్నారు.

ఎందుకు? మొదటి కారణం ఇళ్ళ లెక్క. 2011 జనాభా లెక్కల్లో కూడా శ్రీకాకుళం జిల్లాలో షెడ్యూల్డు కులాలు పదో వంతు లోపే. అదీ ఒక్క కులం కాదు. మాల, రెల్లి, పైడి, దండాసి ఇలా ముక్కలు ముక్కలుగా. నేను తిరిగిన ఊళ్ళలో చాలాచోట్ల పేట అంటే పది ఇళ్ళు, ఇరవై ఇళ్ళు. కృష్ణా, గుంటూరు మాలపల్లిలాగ వందల గడప కాదు. చుట్టూ కాళింగులో, కాపులో, వెలమలో, బెస్తలో ఉంటారు. పది ఇళ్ళవాళ్ళు సంబరానికి డప్పు కొట్టం అంటే మర్నాడు జీడితోటలో పని ఉండదు, పశువుని మేపుకోడానికి గట్టు ఉండదు. గుంపుగా కదలడానికి గుంపే లేదు.

మా మామ్మకి కంట్లో పొర కమ్మితే సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో ఆపరేషను చేసారట. ఆ ఆసుపత్రి కెనడా మిషనుది. డాక్టర్ బెన్ గల్లిసన్ అక్కడ చేస్తున్న కంటి వైద్యం చూసే 1963లో కెనడాలో 'ఆపరేషన్ ఐసైట్' అనే సంస్థ పుట్టింది. ఇవాళ ప్రపంచంలో చాలా దేశాల్లో పనిచేస్తున్న సంస్థకి మొదలు మన సోంపేట. మామ్మకి చూపు వచ్చింది. ఆ ఆసుపత్రి పేరెత్తితే చచ్చేదాకా చెయ్యెత్తి దండం పెట్టేది. కానీ బాప్తిస్మం తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదని చిన్నప్పుడు అడిగాను. మామ్మ అంది: "ఆ దేవుడు మంచోడే బాబూ. నానెప్పుడు కాదన్నాను? దొరలు ఓడెక్కి ఎల్లిపోతారు. మనం ఈ ఊల్లోనే ఉండాల. రేపు నాయుడు పన్లోకి రావొద్దంటే ఆ దొర వొచ్చి సెప్తాడేటి?"

ఈ మాటలో యేసు మీద ఫిర్యాదు లేదు, హైందవం మీద ప్రేమా లేదు. ఉన్నది ఒక లెక్క. నన్ను ఈ దేవుడిలోకి పిలిచినవాడు, నేను వచ్చాక నా పక్కన నిలబడతాడా? ఆ ప్రశ్నకి జవాబు రాలేదు కాబట్టి మామ్మ రాలేదు. దీన్ని అజ్ఞానం అనేవాడు, భూమి లేని మనిషి రోజూ ఎన్ని లెక్కలు వేసుకుని బతుకుతుందో చూడనివాడు.

లోపలికి వెళ్ళి వచ్చినది

రెండో రకం కష్టమైనది. వీళ్ళు నమ్మారు, వెళ్ళారు, తర్వాత వచ్చేసారు.

ఇందులో మొదట కులం సంగతి. అంబేడ్కర్ క్రైస్తవం గురించి రాసిన వ్యాసాల్లో దీన్ని సూటిగా పట్టుకున్నాడు. మతం మారినవాడి పరిస్థితి ఏమైంది, కులం చర్చిలోకి కూడా ఎలా వెళ్ళింది, సామాజిక అన్యాయం మీద క్రైస్తవులు ఎందుకు పోరాడలేదు అని అడిగాడు. ఆయన అడిగింది సవర్ణ క్రైస్తవుల్ని, మిషన్లని. మనం ఆ ప్రశ్నని మన మీదికి కూడా తిప్పుకోవాలి. టెక్కలి దగ్గర ఒక పేటలో రెల్లివాళ్ళ ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. పాటలు పాడారు, వాక్యం చెప్పారు, చివర టీ పోసారు. మాల విశ్వాసులు "పనుంది" అని ఒక్కొక్కరే లేచి వచ్చేసారు. ఆ లేచి వచ్చినవాళ్ళలో మా చుట్టాలున్నారు. తర్వాత ఆ ఇంటివాళ్ళు చర్చికి రావడం మానేసారు. వాళ్ళ అబ్బాయి నాతో అన్నాడు: "అన్నా, ఊళ్ళో ఎలాగూ చివర వరసే. అక్కడికి కూడా వెళ్ళి చివర కూచోడం దేనికి?" అతను కాదన్నది క్రీస్తునా, మమ్మల్నా? మాలలమైన మేము ఈ ప్రశ్న తప్పించుకుని దళిత ఐక్యత గురించి ఎన్ని సెమినార్లు పెట్టినా లాభం లేదు.

రెండో సంగతి రోగం. ఉద్దానం అంటే ఒకప్పుడు కొబ్బరి, జీడి, పనస. ఇప్పుడు కిడ్నీ. కారణం ఇదీ అని తేల్చి చెప్పలేని కిడ్నీ జబ్బు ఈ మండలాల్లో ఇంటింటికీ వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అంతకు ముందు సంగతి నేను చెప్పేది. మా పెదనాన్నకి డయాలసిస్ జరిగేది. ఒక పాస్టరు, ఆయన పేరు ఊరు అనవసరం, ఇంటికి వచ్చి ప్రార్థన చేసేవాడు. బాగానే ఉంది, మనిషికి ధైర్యం వచ్చేది. తర్వాత "సూదుల మీద నమ్మకమా, దేవుడి మీద నమ్మకమా" అనడం మొదలెట్టాడు. పెదనాన్న రెండు వాయిదాలు మానేసాడు. ఊపిరాడక, ఆసుపత్రికి తీసుకెళ్తూండగా చనిపోయాడు. "విశ్వాసం చాల్లేదు" అన్నాడు పాస్టరు.

పెదమ్మ మళ్ళీ చర్చి మెట్టెక్కలేదు. అలాగని గుడికీ వెళ్ళలేదు. ఆవిడ అన్న మాట ఇదే: "ప్రార్థన సెయ్యొద్దని నానన్లేదు. ఆటో కట్టించమన్నాను."

మన హేతువాద మిత్రులు ఇక్కడ ఆగి "చూసారా, మతం ఇంతే" అంటారు. పెదమ్మ అన్నది అది కాదు. ప్రార్థన, ఆటో రెండూ కావాలంది. కంటి పొర తీసిన మిషనులో ఆ రెండూ కలిసే ఉన్నాయి. కత్తెర పట్టుకున్న చెయ్యి, మోకాళ్ళ మీద కూచున్న మనిషి ఒక్కరే. వైద్యం, చదువు తెచ్చిన క్రైస్తవం పోయి, ఉత్త స్వస్థత మాటలు చెప్పే క్రైస్తవం దాని జాగాలోకి వచ్చినచోట, మన ఆడవాళ్ళు ఆ తేడాని చాలా ఖచ్చితంగా గుర్తు పట్టారు. రోగుల్ని తన బండి మీద డయాలసిస్‌కి తీసుకెళ్ళే ఇంకో పాస్టరుని కూడా నేను చూసాను. ఆయన చర్చి ఖాళీ అవలేదు.

కాగితం మీద కాదన్నది

మూడో రకం మన ప్రభుత్వం చేసిన రకం.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం కాని మతం పాటించేవాడు షెడ్యూల్డు కులం మనిషి కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లిముల్ని చేర్చలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా కులబాధ అంతే తీవ్రంగా ఉందని రుజువులు చూపించాలంది. చెప్పులు కుట్టుకునే మనిషి కోర్టుకి వెళ్ళి తన అంటరానితనానికి రుజువులు పట్టుకెళ్ళాలన్నమాట. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసెయ్యమంది, తియ్యలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో, మళ్ళీ 2023లో తీర్మానాలు చేసింది. 2025లో మన హైకోర్టు, మతం మారిన పాస్టరుకి అట్రాసిటీ చట్టం వర్తించదంది.

దీన్ని పేట లెక్కలోకి మార్చి చూద్దాం. ఎస్సీలకి 15 శాతం. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ 'సి'లోకి పోతారు. అక్కడ ఉన్నది 1 శాతం. అంటే బాప్తిస్మం కాగితం మీదికి ఎక్కితే డిగ్రీ సీటు పోతుంది, టీచరు పోస్టు పోతుంది, ఎస్సీకి రిజర్వయిన సర్పంచి పదవికి నామినేషను పోతుంది, కొట్టినవాడి మీద అట్రాసిటీ కేసూ పోతుంది. తిట్టే తిట్టు మాత్రం పోదు.

నాకు కుల ధ్రువపత్రం కావలసి వచ్చినప్పుడు విచారణకి ఒకాయన ఇంటికి వస్తాడని తెలిసింది. మా అమ్మ విశ్వాసి. ఆ పొద్దున అమ్మ గోడ మీది వాక్యం క్యాలెండరు తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. పక్కింటివాళ్ళ దగ్గర వెంకటేశ్వరస్వామి పటం అడిగి తెచ్చి అదే మేకుకి తగిలించింది. బొట్టు పెట్టుకుంది. వచ్చినాయన పటం చూసాడు, అమ్మ నుదురు చూసాడు, రాసుకుని వెళ్ళాడు. సాయంత్రం అమ్మ పటం తిరిగి ఇచ్చేసింది. ఆ రాత్రి ప్రార్థనలో చాలాసేపు తల ఎత్తలేదు.

ఆ రోజు మా అమ్మ క్రైస్తవాన్ని తిరస్కరించిందా? రికార్డు ప్రకారం తిరస్కరించింది. నేను ఈ వ్యాసం రాయగలుగుతున్నది ఆ తిరస్కారం వల్లే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అది అద్దె తెచ్చుకున్న పటం మీద నిలబడి ఉంది. ఇలాంటి ఇళ్ళని లెక్కబెట్టి "శ్రీకాకుళం దళితులు హైందవాన్ని వదల్లేదు" అని రాసే పండితులు, ఇళ్ళని కాదు, మేకుల్ని లెక్కబెడుతున్నారు. "దొంగ క్రైస్తవులు, దొంగ హిందువులు" అని తిట్టేవాళ్ళకి నేను అడిగేది ఒకటే. ఒక తల్లి చేత బిడ్డ చదువుకీ దేవుడికీ మధ్య ఎంచుకోమన్న చట్టానిది దొంగతనమా, ఆ తల్లిదా?

ఈ లెక్క మన జిల్లా భూగోళమే రుజువు చేస్తుంది. గిరిజన తెగల జాబితాకి మతం షరతు లేదు. కొండ మీద సవర విశ్వాసి క్రైస్తవుణ్ణని పైకి చెప్పుకోగలడు, ఎస్టీ హోదా పోదు. కొండ దిగి ఉద్దానం పేటకి వస్తే అదే విశ్వాసం బియ్యం డబ్బా వెనక దాక్కుంటుంది. రెండు చోట్లా వెళ్ళింది అదే కెనడా మిషను. కాబట్టి కొండ మీద చర్చి కనిపించడానికీ, కింద కనిపించకపోవడానికీ నేల గట్టిదనం ఒక్కటే కారణం కాదు.

కొండ మీద ఇంకో కాదనడం

అయితే అదే కొండ మీద, ఏ చట్టం బలవంతం లేకుండా కాదన్నవాళ్ళు కూడా ఉన్నారు. సవర భాషకి మిషన్లు రోమన్ లిపి వాడాయి. గిడుగు రామమూర్తి తెలుగు లిపిలో సవర పుస్తకాలు చేసాడు. ఇంకోవైపు ఒరియా లిపి. 1936లో గుణుపురం వైపు మంగేయి గమాంగో 'సొరంగ్ సొంపెంగ్' అనే సొంత లిపి తెచ్చాడు. ఆ అక్షరాలే దేవతలుగా ఒక ఆరాధన మొదలైంది. వాళ్ళు మిషను బడి వద్దన్నారు, మైదానం గుడీ వద్దన్నారు. చదువు మాత్రం వద్దనలేదు. అక్షరం కోసం ఇంకొకరి దేవుణ్ణి మొక్కాలనే షరతు వద్దన్నారు.

మామ్మ, పెదమ్మ, ఆ రెల్లి కుర్రాడు, గమాంగో వెంట నడిచిన సవరలు, అందరి కాదనడంలోనూ ఒక కోరిక ఉంది. ఒకరు పక్కన నిలబడమన్నారు. ఒకరు ఆటో కట్టించమన్నారు. ఒకరు కలిసి టీ తాగమన్నారు. ఒకరు మా అక్షరం మాకు ఉండనివ్వమన్నారు. మా అమ్మది మాత్రం కాదనడమే కాదు. ఆవిడ నోరు నొక్కి కాదనిపించారు.

చివరగా ఒక అభ్యంతరం. "మారితే విముక్తి వచ్చేది కదా" అంటారు కొందరు. చుండూరు మాలపల్లిలో క్రైస్తవులున్నారు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. "మారకుండా ఉంటే ఊరితో కలిసి బతకొచ్చు" అంటారు ఇంకొందరు. మన లక్ష్మీపేటలో 2012 జూన్ 12న ఐదుగురు మాలల్ని చంపారు. మడ్డువలస రిజర్వాయరు భూమిలో నాలుగు గింజలు పండించుకోవడం వాళ్ళ నేరం. చంపేవాడు మెడలో శిలువ ఉందా, నుదుట బొట్టు ఉందా అని చూడలేదు. పేట ఎవరిదో చూసాడు.

కాబట్టి విద్యార్థులకీ, కార్యకర్తలకీ నేను చెప్పేది ఇది. మన వైపు క్రైస్తవం గురించి పని చేసేటప్పుడు మారినవాళ్ళ సంఖ్యతో మొదలుపెట్టకండి. కాదన్న మనిషి దగ్గరికి వెళ్ళి, ఏం అడిగితే దొరకలేదో అడగండి. పాస్టర్లు వినవలసింది అదే, దళిత సంఘాలు వినవలసిందీ అదే. మమ్మల్ని కూడా పేటల్లో చాలామంది కాదన్నారు. బహుశా అవే కారణాలు. 1950 నాటి మూడో పేరా రద్దు కోసం పోరాడుదాం, అది క్రైస్తవుల పని అనుకుని తప్పుకోకుండా. ఆ పేరా పోయిన రోజున ఎంతమంది దళితులు క్రైస్తవాన్ని నిజంగా కాదంటారో అప్పుడు లెక్కబెట్టొచ్చు. మా అమ్మ కాదంటుందో అవునంటుందో అప్పుడు ఆవిడే చెప్తుంది.